అమ్మ అడ్డపొగ మానిన పదకొండు నెలలు

పొగాకు గురించి ఎవరైనా ముద్దుగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. తోలు వాసన, కోకో రుచి, వాన పడిన మట్టి, దేవదారు చెక్క అంటూ కళ్ళు సగం మూసుకుని వర్ణించేవాళ్ళ దగ్గర నేను పది నిమిషాలు కూర్చోలేను. నేను ఆ వాసనలోనే పుట్టాను, అందులోనే పెరిగాను. అందులో తోలూ లేదు, కోకో అసలే లేదు. మాడిన గోనెపట్టా, పాచినోరు, ముక్కిన ఆకు, అంతే. అది మా అమ్మ వాసన. పదో తరగతి పరీక్షలకి బయల్దేరుతుంటే నా నుదుటి మీద ముద్దు పెట్టబోయింది. తల పక్కకి తిప్పేశాను. పరీక్ష బాగా రాశాను.

మా అమ్మ చుట్ట తాగేది. శ్రీకాకుళం వైపు సముద్రం పక్క ఊళ్ళలో ఆడవాళ్ళు తాగే పద్ధతిలో తాగేది, అంటే వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని. దాన్ని మావాళ్ళు అడ్డపొగ అంటారు. నిప్పు లోపల, చల్లటి కొస బయట. మొదటిసారి చూసినవాళ్ళు నోరు కాలిపోతుందని కంగారుపడతారు. కాలదు, కనీసం అప్పటికప్పుడు కాలదు. పెదాలు బిగించి, నాలికని కిందకి పెట్టి, నిప్పుని అంగిలికి తగిలీ తగలనట్టు ఉంచుకుంటారు. అలా ఒక్క చుట్టని గంటసేపు లాగిస్తారు.

ఆవిడ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడి రసం అంటిన చేత్తో మూతి ముట్టుకుంటే బొబ్బలెక్కుతుంది. అడ్డంగా పెట్టుకున్న చుట్టకి చెయ్యి అక్కర్లేదు. బూడిద పప్పు మీద రాలదు, సముద్రపు గాలికి నిప్పు ఆరదు. ఇది నేను పెద్దయ్యాక, ఎవరైనా అడిగితే చెప్పడానికి తయారుచేసుకున్న కారణం. ఆవిణ్ణి అడిగితే మాత్రం "మా యమ్మ అలగే తాగీది" అంటుంది. దాని మీద ఇంకో మాట ఉండదు.

నాన్న పోయాక ఆవిణ్ణి బెంగళూరు తీసుకొచ్చాను. హూడిలో మాది ఏడో అంతస్తు. బాల్కనీలో కూర్చుని చుట్ట తాగుతుంటే పై అంతస్తువాళ్ళు అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజీలు పెట్టేవాళ్ళు, ఎవరో పొగాకు కాలుస్తున్నారు, మా పిల్లలకి దగ్గు వస్తోంది అని. ఫ్లాట్ నంబరు రాయరు, అందరికీ తెలుసు. నేను ఆఫీసు నుంచి వచ్చి ఆవిడ మీద అరిచేవాణ్ణి. ఒకసారి చుట్టల కట్ట తీసి చెత్త గొట్టంలో పడేశాను. ఆవిడ మర్నాడు ఒంటరిగా మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో రైలు మారి, చిక్‌పేటలో దిగి, నగర్తపేట సందుల్లో నడిచి ఇంకో కట్ట తెచ్చుకుంది. అక్షరం ముక్క రాని మనిషి. ఆవిడకి ఆ దారి చెప్పింది మా పక్క సైట్లో ఇటుకలు మోసే మా జిల్లా ఆడవాళ్ళు. నాకు అప్పుడు మెచ్చుకోవాలనిపించలేదు. ఇంత తెలివి మంచి పనికి పెట్టొచ్చు కదా అని తిట్టాను.

ఒకరోజు పన్ను పీకించడానికి తీసుకెళ్తే, పళ్ళ డాక్టరు టార్చి వేసి అంగిలి వైపు రెండుసార్లు చూశాడు. తెల్ల మచ్చ ఉందన్నాడు. పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అక్కడ చూసే పెద్ద డాక్టరు మంగళూరు వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. కన్నడంలోనో ఇంగ్లీషులోనో నాకు చెప్తే, నేను అమ్మకి చెప్పాలి. ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఇది ఇంకా పుండు కాలేదు, ఇప్పుడే మానేస్తే తగ్గొచ్చు, మానకపోతే మారే ప్రమాదం ఎక్కువ. నేను తెలుగులోకి మార్చేటప్పుడు నా సొంత సరుకు కలిపాను. "ఇంకొక్కటి తాగావంటే దవడ కోసి తీసేస్తారట. కూడు గొట్టంలో పోస్తారట" అన్నాను. డాక్టరు నా మొహం చూసి, నేను ఇంత పొడుగ్గా ఏం చెప్తున్నానా అనుకున్నట్టున్నాడు.

అమ్మ విని, "సర్లే, ఎన్నాళ్ళుంటానేటి" అంది. అంటే మానను అని.

అప్పుడు చేశాను ఆ పని. బయట లిఫ్టు దగ్గర ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని నా తల మీద పెట్టుకున్నాను. ఇంక ముట్టనని నా మీద ఒట్టు వెయ్యమన్నాను. నా ముందు ఇద్దరు పుట్టి పోయారు. నా తల మీద చెయ్యి పెట్టించడమంటే ఆవిడకి ఏమిటో నాకు తెలుసు, తెలిసే పెట్టించాను. ఆవిడ చెయ్యి లాక్కోబోయింది, నేను వదల్లేదు. పక్కన వీల్‌చెయిర్లో ఉన్నాయన మమ్మల్నే చూస్తున్నాడు.

"నీ మీదేటిరా, ఇంకేటీ దొరకనేదా నీకు" అంది. కళ్ళలో నీళ్ళు. "సరే. ముట్టను. నీ మీదొట్టు."

ఆ వారమే నగర్తపేట వెళ్ళాను, దుకాణం మూయించాలన్నంత కోపంగా. కొట్టు చూస్తే మంచమంత కూడా లేదు. యజమాని తాతల నాడే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగాయన. ఆకు కట్టల మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చుని దారంతో చుట్టలు కడుతున్నాడు. హూడి నుంచి మెట్రోలో వచ్చే మా అమ్మకి ఇక చుట్టలు అమ్మారంటే బాగుండదని రోడ్డు మీద నుంచే అన్నాను.

"ఏమప్పా, అంగడి ముందర అట్ల అరస్తే ఎట్ల? గిరాకీలు ఉండారు" అన్నాడాయన తల ఎత్తకుండానే. "ఆయమ్మకని ఒక కట్ట ఎత్తిపెట్టి ఉండాను. వద్దంటే సరి, ఇంకొకరికి పోతుంది. ఆయమ్మే చెప్పిందా వద్దని?"

ఒట్టు వేయించానని చెప్పాను, గొప్పగానే చెప్పాను.

"ఎవురి మింద?"

"నా మీదే."

ఆయన నవ్వాడు. "అట్లయితే ఆయమ్మ తాగదులే. నువ్వే జాగ్రత్తప్పా, ఒట్టు నీ దగ్గర ఉండాది ఇప్పుడు" అన్నాడు. ముసలి వెటకారం అనుకుని వచ్చేశాను.

ఆ పదకొండు నెలలు ఆవిడ ఎలా గడిపిందో నేను సగమే చూశాను. మొదటి నెల ఖాళీ అగ్గిపెట్టె చేతిలో తిప్పుతూ ఉండేది. నా భార్య మీద, పాలవాడి మీద, టీవీ మీద విసుక్కునేది. తెల్లారకుండా లేచి అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగేది. దేవుడి దగ్గర సాంబ్రాణి వెయ్యడం మూడు పూటలైంది, ఆ పొగ ముందు అవసరమైన దానికంటే ఎక్కువసేపు కూర్చునేది. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని, "దీన్లో నిప్పు నేదురా" అనేది చిన్నపిల్లలా. తొమ్మిదో నెల పరీక్షలో డాక్టరు మచ్చ పలచబడిందన్నాడు, ఆవిడ భుజం తట్టాడు. అది అనువాదం చెయ్యక్కర్లేకపోయింది. ఇంటికొచ్చే దారిలో ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని నడిచింది. ఆ రోజు నేను నిజంగా సంతోషపడ్డాను, ఆవిడ మీద గెలిచానని కూడా అనుకున్నాను.

ఇక మా డైరెక్టరు సంగతి. తెలుగాయనే, హైదరాబాదులో పెరిగాడు. ఆయన విల్లాల కాలనీలో క్లబ్‌హౌస్ ఉంది, దాని మేడ మీద నెలకో ఆదివారం మధ్యాహ్నం చేత్తో చుట్టిన సిగార్లు రుచి చూసే కార్యక్రమం పెడతాడు. ఎనిమిది మందో పది మందో వెళ్తారు. ఆ పిలుపు వచ్చినవాళ్ళకి ఏడాది తిరిగేలోపు ప్రమోషన్ వస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు. నేను ఆరేళ్ళుగా ఒకే కుర్చీలో ఉన్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు నాకు పని చెప్పే స్థాయికి వెళ్ళారు. పిలుపు వచ్చిన రోజు నేను పొగాకుని ఎంత అసహ్యించుకుంటానో నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా వెళ్ళేవాణ్ణి.

వెళ్ళాను. తేమ ఆరకుండా దాచే చెక్కపెట్టె తెరిచి ఆయన ఒక్కో సిగార్ని రెండు వేళ్ళతో, అప్పుడే పుట్టిన పిల్లని తీసినట్టు తీశాడు. ముందు వాసన చూడాలట. తర్వాత మొన కత్తిరించాలట, ఇంత మేర, అంతకంటే ఎక్కువ కాదు. నిప్పు అంటించకూడదట, ముందు కొసని మంటకి ఎడంగా తిప్పుతూ వెచ్చబెట్టాలట. పొగ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, నోట్లో ఉంచి అంగిలికి తగలనివ్వాలి. మూడు భాగాలుగా తాగాలి. ఒక్కో భాగంలో ఒక్కో రుచి. బూడిద దులపకూడదు, దానంతట అది పడాలి. అది ఎంత పొడుగు నిలిస్తే చుట్టినవాడు అంత గొప్పవాడు.

"ఏమొస్తోంది మీకు?" అని ఒక్కొక్కర్నీ అడిగాడు.

ఒకతను బాదం అన్నాడు. ఇంకొకతను పాత పుస్తకాలు అన్నాడు. నాకు వచ్చింది మాడిన గోనెపట్టానే. "తోలు సార్, చివర్లో కొంచెం మిరియం" అన్నాను. "నైస్!" అన్నాడాయన. ఆరేళ్ళలో నా పనికి ఆయన నైస్ అన్నది లేదు.

అక్కడితో ఊరుకోవచ్చు. మాట్లాడటానికి ఎవరి దగ్గరా ఏమీ లేని ఒక నిమిషం వచ్చింది. నేను గమ్మున ఉండలేక, మా అమ్మ నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగేదని చెప్పాను. నవ్వించడానికే చెప్పాను. చేత్తో అభినయించి కూడా చూపించాను.

డైరెక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. "లిట్ ఎండ్ లోపలా? నో వే. బాస్, మీరు ఆంటీని తీసుకురావాలి నెక్స్ట్ టైం. ఇది కదా అథెంటిక్ అంటే."

"మానేసింది సార్. డాక్టరు వద్దన్నారు."

"ఒక్కటి అండీ. జస్ట్ వన్. ఇది ప్రీమియం లీఫ్, కెమికల్స్ ఏం ఉండవు. మన ఊరి చుట్టల్లాగా కాదు. ఏమీ అవ్వదు." తర్వాత నా భుజం మీద చెయ్యేసి, ఈ ఏడాది అప్రైజల్స్ గురించి మనం కూర్చుని మాట్లాడుకోవాలి అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నాడు. నేను రెంటినీ కలిపే విన్నాను.

మా ఆఫీసువాళ్ళు నిన్ను చూడాలంటున్నారని అమ్మకి చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ పెట్టెలోంచి నేత చీర తీసింది. కాయితం సంచిలో కిలో జీడిపప్పు పోసింది, ఊరి నుంచి తెప్పించుకున్నది, విరగనివి ఏరి మరీ. క్లబ్‌హౌస్ మేడ మీద సోఫా అంచున, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. డైరెక్టరు "థాంక్యూ ఆంటీ" అని సంచి తీసుకుని మంచినీళ్ళ సీసాల వెనకాల పెట్టాడు. మేము వచ్చేసేటప్పుడు కూడా అది అక్కడే ఉంది.

ఆయన చెక్కపెట్టె తెచ్చి ఆవిడ ముందు తెరిచాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను కింద గడ్డి మీద నీళ్ళు చిమ్ముతున్న గొట్టం వైపు చూశాను. ఆవిడ ఒక సిగార్ తీసి, వాసన చూడలేదు, చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో మెల్లగా నొక్కింది. ఆకు చేసే చప్పుడు విని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

"మంచాకే బాబూ. నాకొద్దు. ఒట్టున్నాది. మా గుంటడి తల మీద ఏసినాను."

చుట్టూ ఉన్నవాళ్ళు ముచ్చటపడ్డారు. "సో స్వీట్" అంది ఎవరో. డైరెక్టరు మాత్రం నా వైపు తిరిగాడు, నవ్వుతూ. "బాస్, మనలో ఒట్టుకి ఎగ్జిట్ ఉంటుంది కదా, చిన్నప్పుడు అనేవాళ్ళం ఏదో."

ఉంటుంది. ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలుసు. గోళీలాటలో వేసిన ఒట్లు నేను వందసార్లు అలా తీశాను. పది జతల కళ్ళు నా మీద ఉన్నాయి. నాకు కాదనడానికి ఒక్క మాట చాలు, అవుననడానికీ ఒక్క మాటే. నేను నవ్వాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానమ్మా. తాగు."

అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ నవ్వలేదు. నా మొహంలోకి చూసింది.

"నువ్వేనా అంటన్నావు?"

"నేనే."

"తీసీసినందుకు నీకేటవ్వదు గదా?"

"ఏం అవ్వదు, తాగమ్మా, అందరూ చూస్తున్నారు."

అప్పుడు తీసుకుంది. మొన కత్తిరించడానికి డైరెక్టరు వస్తే వద్దని, పంటితో కొరికి ఆ తునకని అరచేతిలోకి తీసుకుంది. ఆయన మంట చిమ్మే లైటరు ఇస్తే అగ్గిపెట్టె అడిగింది. ఎవరి దగ్గరా అగ్గిపెట్టె లేదు, వంటగది నుంచి తెప్పించారు. వెలిగించి, రెండుసార్లు మామూలుగా లాగి, నిప్పు ఎర్రగా అయ్యాక చటుక్కున తిప్పి నోట్లో పెట్టుకుంది. ఒకామె కెవ్వుమంది. ఫోన్లన్నీ లేచాయి. డైరెక్టరు పక్కన నిలబడి, "గయ్స్, ఫైర్ లోపల ఉంది, ఫైర్ లోపల" అని వీడియోలోకి చెప్తున్నాడు.

కాసేపటికి ఆయన "ఆంటీ, ఏం టేస్ట్ వస్తోంది?" అన్నాడు. ఆవిడ సిగార్ తీసి, అడిగిన మాటని నిజంగా ఆలోచించి జవాబు చెప్పింది. అక్కడ ఆ పని చేసింది ఆవిడ ఒక్కతే.

"పైయాకు ముదురాకు బాబూ, ఎండ బాగా తగిలినాది. నోపలాకు ఇంకా పచ్చివాసనేస్తంది. ఇంకో ఏడాది కప్పెట్టుండాల్సింది. సుట్టినోడు సెయ్యి తిరిగినోడే, గానీ కొసకొచ్చి తొందరపడినాడు. ఇక్కడ బిగిసిపోనాది సూడు, పొగ రాదు."

వేలితో చూపించింది. డైరెక్టరు మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత, "ఆంటీ రాక్స్" అన్నాడు.

నేను ఇక చాలు అన్నాను. ఆవిడ మళ్ళీ నిప్పు లోపల పెట్టుకుని, ఎడమ చెయ్యి ఎత్తి ఆగమన్నట్టు చూపించింది, జీడి కొట్టే షెడ్డులో నేను ఆకలని వెళ్తే ఎత్తినట్టే. కళ్ళు మూసుకుంది. ఆ మొహం చూడటం నాకు కష్టమైంది. ఆవిడకి బాధ లేదు, హాయిగా ఉంది. పదకొండు నెలలు పట్టుకున్నదంతా వదిలేసిన హాయి. చుట్టూ ఎవరున్నారో కూడా ఆవిడకి గుర్తు లేదు. ఆ పదిమందీ నాకు అసహ్యంగా కనిపించారు, అందరికంటే ముందు డైరెక్టరు. ఆ మాట ఎవరితోనూ అనకుండా పళ్ళు కనిపించేలా నవ్వుతూ నిలబడ్డాను.

సగం తాగి తీసింది. నోట్లో పోగైన బూడిద అలవాటుగా మింగింది. "ఆష్ మింగేసింది!" అని ఎవరో అరిచారు. ఆవిడకి దగ్గు వచ్చింది, కొంగుతో మూతి తుడుచుకుంది. కొంగు మీద శనగగింజంత ఎరుపు. చూసుకుని గబుక్కున మడత లోపలికి పెట్టేసింది. నేను చూశాను. నేను చూశానని ఆవిడకీ తెలుసు.

క్యాబ్‌లో తిరిగి వస్తుంటే, "ఆకు మంచిదేరా" అంది. నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఆగమంటే ఆగలేవా, నలుగురిలో ఆ దగ్గేంటి, ఆ బూడిద మింగడమేంటి, నా పరువేం కావాలి అని హూడి వచ్చేదాకా అరిచాను. డ్రైవరు రేడియో గొంతు తగ్గించి మరీ విన్నాడు. ఆవిడ కిటికీలోంచి మెట్రో స్తంభాలు చూస్తూ కూర్చుంది.

వీడియో ఆఫీసు గ్రూపుల్లో తిరిగింది. కింద నవ్వుతున్న బొమ్మలు వరసగా పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. రెండు నెలలకి ప్రమోషన్ వచ్చింది.

ఆ ఆదివారం తర్వాత మూడో వారంలో ఒక సాయంత్రం లిఫ్టు పనిచెయ్యక మెట్లెక్కుతుంటే, ఐదో అంతస్తు దగ్గర ఆ వాసన కొట్టింది. ఆరో అంతస్తు మలుపులో అమ్మ కూర్చుని ఉంది, నోట్లో చుట్ట, పక్కన నగర్తపేట కట్ట, అదే దారం. దాచలేదు. తీరిగ్గా చుట్ట తీసి నా వైపు చూసింది.

"ఒట్టేసి తాగుతావా?" అన్నాను.

"ఒట్టేదిరా? నువ్వే తీసీసినావు గదా."

"ఆ ఒక్క రోజుకీ కదా తీసింది!"

"ఆ ఒక్క రోజుకని నువ్వననేదు. తీసి గట్టు మీదెట్టినోడివి మళ్ళీ తెచ్చి ఎట్టనేదు గదా. నాను సూసినాను రెండ్రోజులు. ఎడతావేమోనని."

రెండు రోజులు ఆవిడ ఎదురు చూసింది. ఆ రెండు రోజులూ నేను ఆవిడతో మాట్లాడలేదు, నా పరువు పోయిందన్న కోపంలో ఉన్నాను. అప్పుడైనా ఆ మెట్ల మీదే ఆవిడ చెయ్యి నా తల మీద పెట్టుకుని ఉండాల్సింది. నాకు మొహం చెల్లలేదు. ఆవిణ్ణి దాటుకుని పైకి వెళ్ళిపోయాను. తర్వాత పరీక్షకి తీసుకెళ్ళేదాకా, ఆవిడ మెట్ల మీద తాగేది, నేను లిఫ్టు వాడేవాణ్ణి.

డాక్టరు నోరు తెరిపించి చూసి ముందు నర్సుని పిలిచాడు. తెల్ల మచ్చ మధ్యలో ఎర్రగా లేచింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. పది రోజులకి పిలిచి, మారడం మొదలైంది, ఇంకా చిన్నదే, కోసి తీసెయ్యాలి అన్నాడు. తేదీ రాశాడు. ఆ తర్వాత కలం మూత పెట్టి, పోయినసారి మచ్చ పలచబడింది కదా, అంత కష్టపడి మానిన మనిషి మళ్ళీ ఎలా మొదలుపెట్టింది అని నన్ను అడిగాడు. ఎవరో చేతికి ఇచ్చి ఉండాలి అన్నాడు. "యారు కొట్టిద్దు?" అని గట్టిగా అన్నాడు, ఎవరిచ్చారని.

నేను ఆయన ఇచ్చిన కాయితం నాలుగు మడతలు పెట్టాను. అమ్మకి కన్నడం రాదు గానీ, నగర్తపేట బజారులో ఆ మాత్రం ఆమె చెవిన పడి ఉంటుంది. లేదా నా మొహం చూసి తెలుసుకుంది.

"ఎవులిచ్చినారని గదా అడుగుతన్నాడు?" అంది. "ఎవులూ ఇవ్వనేదని సెప్పు. ముసల్దానికి బుద్ధి నేదు, దొంగతనంగా కొనుక్కుని తాగినాది, కొడుక్కి తెల్దు అని సెప్పు."

డాక్టరు నా వైపు చూస్తున్నాడు, తర్జుమా కోసం. మొదటిసారి ఇదే గదిలో ఆయన మాటకి నేను నాలుగు అబద్ధాలు కలిపాను. ఈసారి ఒక్క మాట కూడా కలపలేదు, ఒక్కటీ తీసెయ్యలేదు. ఆవిడ చెప్పమన్నది చెప్పమన్నట్టే ఇంగ్లీషులో చెప్పాను. కొడుక్కి తెలియదు అన్నది కూడా చెప్పాను. డాక్టరు ఆవిడ వైపు తిరిగి చూపుడువేలు ఆడిస్తూ తిట్టాడు, పాపం నీ కొడుకు ఇంత తిప్పలు పడుతుంటే సిగ్గు లేదా అని. ఆ తిట్లు కూడా తెలుగులో నేనే చెప్పాలి, చెప్పాను. ఆవిడ తప్పు చేసినట్టు తల దించుకుని విన్నది.

బయటికొచ్చాం. అదే లిఫ్టు. తలుపు తెరుచుకుని మూసుకుంది, మేము ఎక్కలేదు. నేను ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని నా తల మీదికి తెచ్చుకున్నాను. నేను అడిగేదేమిటో ఆవిడకి తెలుసు.

"నీ మీదొద్దురా" అంది. కోపంగా అనలేదు. "ఎవుడో పెద్దోడు అడిగితే తీసీసీవోడివి నువ్వు."

నా చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, తన తల మీద, నెరిసిన పాపిట మీద, తనే పెట్టుకుంది.

"ఇదిగో, నా మీదే ఏసుకుంటన్నాను. దీన్ని తియ్యడం నీ వల్ల కాదు."

తర్వాత కొంగు ముడి విప్పి, కరక్కాయ ముక్క తీసి బుగ్గన పెట్టుకుని, మళ్ళీ వచ్చిన లిఫ్టులోకి నాకంటే ముందే ఎక్కింది. నా చెయ్యి ఒక్కటే ఇంకా నా తల మీద ఉంది.